మూడు గోబ్లెట్లు, మూడూ కాడ దగ్గరే విరిగాయి. తప్పెక్కడ?

బాల్కనీ_వర్క్‌షాప్ (ఎంవీపీ కాలనీ)
శుక్రవారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ మీరు రాసుకున్నవి చదువుకుని వెళ్లిపోయేవాణ్ణి. ఈసారి అడగక తప్పట్లేదు.

మా అక్కాబావల పెళ్లయి వచ్చే నెలకి పాతికేళ్లు. చెక్కతో గోబ్లెట్ల (కాడా పీటా ఉన్న తాగే పాత్రల) జత నా చేత్తో చేసిస్తానని ఇంటిల్లిపాది ముందూ నోరు జారాను. ఎత్తు 170 మి.మీ., గిన్నె వ్యాసం 65, కాడ 8, కింద పీట 60. కాయితం మీద బొమ్మ బ్రహ్మాండంగా ఉంది.

నా దగ్గరున్నది చెక్కని గిర్రున తిప్పుతుంటే ఉలితో చెక్కే లేత్, బల్ల మీద పెట్టుకునే చిన్నది, అర హెచ్‌పీ మోటారు, ముక్కని కరిచి పట్టుకునే నాలుగు దవడల చక్. ఉలులు నాలుగు: 10 మి.మీ. స్పిండిల్ గౌజ్ (గాడి ఉలి), స్క్యూ (ఏటవాలు మొనది), పార్టింగ్ (తెగ్గోసేది), గుండ్రటి స్క్రేపరు (గీకేది). రెండేళ్లుగా అప్పడాల కర్రలు, బొంగరాలు, మా ఆవిడకి రెండు కవ్వాలు చేశాను. అవి ఏ గొడవా పెట్టలేదు.

మొదటి గోబ్లెట్ టేకు. సామిల్లులో కొన్న ముక్క. కాడ 10 మి.మీ.కి వచ్చేసరికి ఉలి ఆన్చీ ఆన్చకుండానే టప్పుమంది.

రెండోది వేప. కాడ కూడా అయిపోయింది. చూసుకుంటే గిన్నె లోపల సన్నటి గీత ఒకటి కనిపించింది. ఒక్క రవ్వ తీసేద్దామని గౌజ్ పెట్టాను. గిన్నె ఎగిరి వాషింగ్ మిషనుకి తగిలింది. మిషనుకి పడ్డ సొట్ట గురించి ఇంట్లో ఇంకా విచారణ నడుస్తోంది.

మూడోది మామిడి. ఈసారి ముక్క రెండో కొసకి ఆనించే టెయిల్ స్టాక్ బాగా బిగించి చేశాను. కాడ 9 దగ్గరికి రాగానే సన్నగా ఊళ పెట్టడం మొదలైంది, చెక్క మీద మరచుట్టు లాంటి గీతలు పడ్డాయి. ఆపేలోపే మధ్యలో తెగింది.

ఫొటోలు జతచేశాను. నేను చేసే ఆ ఒక్క తప్పేంటో చెప్పండి, దిద్దుకుంటాను.

---

రెండోషిఫ్ట్ (కూర్మన్నపాలెం)
శుక్రవారం, రాత్రి 10:31

సింపుల్ బ్రదర్. ఉలికి పదును లేదు. పదును పెట్టి, స్పీడు పెంచి కొట్టు. మేం రోజూ ఇనుమునే వెన్నలా తీస్తాం, చెక్కెంత!

---

ఉప్పుగాలి (లాసన్స్ బే)
శుక్రవారం, రాత్రి 11:05

పదును మాట నిజమే కానీ, అది సగం కథే. స్పీడుకి ఒక ఉజ్జాయింపు లెక్కుంది: అంగుళాల్లో వ్యాసాన్ని ఆర్‌పీఎంతో (నిమిషానికి తిరిగే చుట్లతో) గుణిస్తే 6000కీ 9000కీ మధ్య రావాలి. మీ గిన్నె రెండున్నర అంగుళాలు కాబట్టి 2400 నుంచి 3600. అదీ ముక్క గుండ్రంగా అయ్యాకే. నాలుగు పలకల ముక్కని మొదట 1000 దగ్గర తిప్పండి.

ఇంకో లెక్క చూడండి. గుండ్రటి కాడ వంపుని తట్టుకునే బలం వ్యాసం ఘనాన్ని బట్టి ఉంటుంది. 10 మి.మీ. నుంచి 8కి దిగితే తగ్గింది రెండే కదా అనిపిస్తుంది, బలం మాత్రం సగానికి పడిపోతుంది. వంగకుండా నిలిచే బిగువు వ్యాసం నాలుగో ఘాతం మీద నడుస్తుంది కనక అది ఇంకా ఎక్కువ జారి 40 శాతం దగ్గర ఆగుతుంది. అందుకే 12 దాకా బుద్ధిగా ఉన్న కాడ 9 దగ్గర మొండికేస్తుంది.

---

పాత_ప్యాట్రన్ (గాజువాక)
శనివారం, ఉదయం 5:48

బాబూ, స్పీడూ పదునూ తరవాత చూద్దాం. మూడు ముక్కలూ విరిగిన చోట దగ్గరగా ఫొటో తీసి పెట్టు. గోబ్లెట్ ఫొటో నాకెందుకు, పోస్టుమార్టం ముక్క మీదే కదేటి చేసేది. ఒక్క తప్పే ఉంటాదని ముందే ఎలగ తేల్చేశావు?

---

బాల్కనీ_వర్క్‌షాప్
శనివారం, ఉదయం 9:20

గురువుగారూ, పెట్టాను. నాకు కనిపించింది కూడా రాస్తున్నా.

టేకు ముక్క కలం పాళీ చెక్కినట్టు ఏటవాలుగా, దాదాపు రెండంగుళాల పొడవున చీలింది. వేపది మెలి తిరిగినట్టు, పోగులు పోగులుగా తెగింది. మామిడిది కాడ నడిమధ్యన విరిగింది. అక్కడ ఒక పక్క పోగులు నలిగినట్టున్నాయి, ఇంకో పక్క తెగినట్టున్నాయి.

---

పాత_ప్యాట్రన్
శనివారం, ఉదయం 11:02

అదిగో, ముక్కే చెప్పేసింది. మూడూ మూడు రకాల చావులు.

టేకు: నీ తప్పు లేత్ మీద నేదు, సామిల్లులోనే అయిపోయింది. రంపానికి నార ఎటు పోతోందో ఏటి తెలుసు? అది తిన్నగా కోసుకుపోద్ది. పైకి ముక్క తిన్నగానే ఉంటాది, లోపల నార మాత్రం వారగా నడుస్తాది. లావుగా ఉన్నంతసేపూ తెలీదు. 10 మి.మీ.కి వచ్చేసరికి నార ఈ పక్క దూరి ఆ పక్క తేలిపోయింది. ఇంక ఆ కాడకి బలమెక్కడిది? ఊదినా విరుగుద్ది. అందుకే కాడ ఉన్న వస్తువుకి ముక్కని రంపంతో కొయ్యకూడదు, గొడ్డలి పెట్టి సుత్తితో కొట్టి చీల్చాలి. చీలిక నార వెంటే పోద్ది. వంకరగా చీలితే వంకర ముక్కని పొయ్యిలోకి పంపించు, తిన్నగా చీలిందే లేత్ ఎక్కించు. గొడ్డళ్ల కామాలకి కర్ర ఇలగే తీసేవారు మా నాన్నగారి రోజుల్లో.

వేప: మెలి తిరిగిందన్నావు. అంటే ఉలి పట్టేసింది. గిన్నెని ఉలి ఆపేసింది, పీటని మోటారు తిప్పేస్తోంది, మధ్యన కాడ ఏం చేస్తాది పాపం, తువ్వాలు పిండినట్టు పిండేసింది. కాడ సన్నం చేశాక గిన్నె జోలికి మళ్లీ పోకూడదు. గీత ఉందా? ఉండనీ.

ఇంకో సంగతి. వేపతో తాగే గిన్నెలేటి బాబూ? మంచినీళ్లు పోసినా చేదెక్కుతాది. మీ బావగారి మీద ఏమైనా కోపమా?

మామిడి సంగతి నాకు ఫొటోలో తేలట్లేదు. ఆ నలుగుడు చూస్తే అనుమానం ఒకటుంది. ఇంకెవరైనా చెప్తే విని అప్పుడు చెప్తాను.

---

కొండవాలు (అడవివరం)
శనివారం, మధ్యాహ్నం 2:15

గురువుగారు చెప్పాక నేను వేరే చెప్పేది లేదు గానీ, వరస గురించి రాస్తాను. నా మొదటి ఆరు గోబ్లెట్లూ వరస తప్పే పోయాయి.

ముందు రెండు సెంటర్ల (లేత్ రెండు కొసల్లో ఉండే మొనల) మధ్య బిగించి ముక్కని గుండ్రం చెయ్యండి, ఒక చివర చక్‌కి పట్టు (దవడలు కరుచుకునే పొట్టి మొన) తియ్యండి. చక్‌లో పెట్టాక మొట్టమొదటి పని గిన్నె లోపల తొలవడం. అప్పటికి కింద దుంగంత లావు ఉంటుంది కాబట్టి ఏం చేసినా కదలదు. నడుమ డ్రిల్లుతో లోతు తీసుకుని, గౌజ్‌ని మధ్యలోంచి అంచు వైపు లాగుతూ తొలవండి. అంచు నుంచి లోపలికి తోస్తే పోగు ఎదురు తిరిగి పీచు లేస్తుంది. లోపలి పని ఎమ్రీ పేపరుతో సహా అక్కడే ముగించాలి. 120తో మొదలెట్టి 400 దాకా, ఒక నంబరూ దాటెయ్యకుండా. పేపరు వేలికి కాలుతోందంటే చెక్కకీ కాలుతున్నట్టే, అంచున నెర్రెలు వస్తాయి.

తరవాత గిన్నె బయటి వైపు. అదీ పూర్తయ్యాక గిన్నెలోకి మెత్తటి కాయితం ఉండలు కుక్కి, టెయిల్ స్టాక్ ముందుకి తెచ్చి ఊరికే ఆనించండి. అప్పుడు కాడ. ఒకేసారి పొడుగునా కాదు, గిన్నె దగ్గర నుంచి చక్ వైపు, బొటనవేలి వెడల్పు చొప్పున. ఆ ముక్క సన్నం చేసి, రుద్ది, దానికి దణ్ణం పెట్టి ముందుకి జరగాలి. వెనక్కి తిరిగి చూడకూడదు. పీట ఆఖరున.

ఆడవాళ్లెవరైనా చదువుతుంటే ఒక మాట: చున్నీ తీసి గోడకి తగిలించి, జడ ముడేసుకుని అప్పుడు స్విచ్చెయ్యండి. మొహానికి అడ్డు షీల్డు తప్పనిసరి. వాషింగ్ మిషనుకి సొట్ట పడిందంటే ఆ గిన్నె మొహానికి తగిలితే ఏమయ్యేదో ఆలోచించుకోండి.

---

రెండోషిఫ్ట్
శనివారం, మధ్యాహ్నం 3:40

చున్నీతో పాటు లుంగీ కూడా రాయాల్సింది మేడమ్. మన ఊళ్లో మేడ మీద లేత్ పెట్టుకున్న సగం మంది లుంగీలోనే ఉంటారు. చేతికి మాత్రం గ్లౌజులు వేసుకోండి, పేళ్లు గుచ్చుకోకుండా.

---

కొండవాలు
శనివారం, మధ్యాహ్నం 3:52

గ్లౌజులా! తిరిగే లేత్ దగ్గర గ్లౌజు వద్దే వద్దు. పేడు గుచ్చుకుంటే పిన్నీసుతో తీసుకోవచ్చు. గ్లౌజు అంచు చిక్కుకుంటే చెయ్యే పోతుంది. మీ షాపులో లేత్ మీద గ్లౌజులతో పని చెయ్యనిస్తారా?

---

రెండోషిఫ్ట్
శనివారం, మధ్యాహ్నం 4:01

చెయ్యనివ్వరు. ఒప్పుకుంటున్నా. గ్లౌజుల మాట వెనక్కి తీసుకుంటున్నా, లుంగీ మాట మీద నిలబడతా.

---

కొత్తగా_చేరా (పెందుర్తి)
శనివారం, సాయంత్రం 6:30

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. చేతి డ్రిల్లుని బల్లకి కట్టేసి లేత్‌లా వాడొచ్చా?

---

ఉప్పుగాలి
శనివారం, సాయంత్రం 6:44

పెన్సిలంత వస్తువుకైతే సరే. డ్రిల్లు బేరింగులు ముందుకి నొక్కడానికి చేసినవి, పక్క తోపుడు ఎక్కువసేపు తట్టుకోవు. గోబ్లెట్ మాట మర్చిపోండి.

---

బాల్కనీ_వర్క్‌షాప్
శనివారం, రాత్రి 9:10

టేకు, వేపల సంగతి అర్థమైంది. మీరు చెప్పిన వరసలోనే ఇవాళ ఇంకో మామిడి ముక్క ఎక్కించాను. గిన్నె లోపల బాగా వచ్చింది. బయటికి వచ్చేసరికి మళ్లీ అదే ఊళ. కాడ ఇంకా 30 మి.మీ. లావుంది, అయినా వణుకుతోంది! స్పీడు తగ్గిస్తే ఊళ తగ్గి మూలుగు మొదలవుతోంది. బిగించాను, మళ్లీ బిగించాను, చక్ తాళం నా చేతికి అచ్చు పడింది.

---

కొండవాలు
శనివారం, రాత్రి 9:26

కాడ 30 లావున్నప్పుడే వణుకుతోందంటే తప్పు కాడది కాదు. చక్‌లో పట్టు చూడాలి. పట్టు పొడవెంత? దవడల లోతెంత? పట్టు భుజం దవడల ముఖానికి ఆనిందా?

---

బాల్కనీ_వర్క్‌షాప్
శనివారం, రాత్రి 9:33

భుజం అంటే?

---

పాత_ప్యాట్రన్
ఆదివారం, ఉదయం 5:30

హహ్హహ్హా. దొరికింది.

---

రెండోషిఫ్ట్
ఆదివారం, ఉదయం 8:05

బ్రదర్, ఇవాళ నాకు వీక్లీ ఆఫ్. నీ బాల్కనీ అడ్రసు మెసేజ్ చెయ్యి. డయల్ గేజ్ తీసుకుని వస్తా. చెక్క గురించి నాకు తెలిసింది తక్కువే అని నిన్న తేలిపోయింది గానీ, ఊగుడు కొలవడం నా పని.

---

రెండోషిఫ్ట్
ఆదివారం, మధ్యాహ్నం 1:20

రిపోర్టు. (వంకాయ కూర బాగుంది, చెల్లెమ్మకి థాంక్స్ చెప్పు బ్రదర్.)

చక్ ఒంటరిగా తిప్పి చూశా, గేజ్ ముల్లు కదల్లేదనే చెప్పాలి. లేత్ తప్పు లేదు. ముక్క బిగించి గిన్నె అంచు దగ్గర, అంటే చక్ నుంచి 150 మి.మీ. దూరంలో పెట్టా. చేత్తో ఒక చుట్టు తిప్పితే 0.6 మి.మీ. ఊగుడు. ముక్క విప్పి చూస్తే పట్టు 25 మి.మీ. పొడుగుంది, దవడల లోతు 20. అంటే పట్టు అడుగు వెళ్లి చక్ లోపలి గోడకి కొట్టుకుంటోంది, భుజం (పట్టు మొదట్లో ముక్క లావయ్యే చోటి మెట్టు) ఆనాల్సిన చోట ఖాళీ. పట్టు మొనని కొలిస్తే అదీ సమంగా లేదు, సెంటర్ గుచ్చిన గుంట చుట్టూ బొడిపె ఉంది. ఆ బొడిపె మీద కూర్చుని ముక్క మొత్తం ఊయల ఊగుతోంది. ఎంత బిగించినా బొడిపె బొడిపే.

పట్టు 15కి కోసి, భుజం పార్టింగ్ ఉలితో చదును చేసి, మళ్లీ బిగించాం. ముల్లు 0.1 లోపలే ఉంది. స్విచ్చేస్తే ఊళ లేదు, మూలుగు లేదు.

---

పాత_ప్యాట్రన్
ఆదివారం, సాయంత్రం 4:15

శభాష్. ఇద్దరూ కలిస్తే పని అలగ ఉంటాది. దీనికి రెండు మాటలు కలుపుతాను.

నీ చక్ దవడలు లోపలికి ఏటవాలుగా ఉన్నాయా, తిన్నగా ఉన్నాయా చూసుకో. ఏటవాలువైతే పట్టు కూడా అదే వాటంలో, మొదట్లో రవ్వంత సన్నంగా, కొసకి లావుగా తియ్యాలి. దవడలు పూర్తిగా మూసినప్పుడు ఎంత వ్యాసముంటాదో పట్టు దానికన్నా కొంచెమే లావుండాలి, అప్పుడే నాలుగూ చుట్టూతా సమంగా కరుస్తాయి. బాగా తెరిచి పట్టిస్తే మూలలు మాత్రమే గుచ్చుకుంటాయి.

రెండోది, నేను నిన్న దాచుకున్న అనుమానం. ఊళ ఈ పట్టు వల్లే. విరిగింది మాత్రం టెయిల్ స్టాక్ వల్ల. నీ మూడో గోబ్లెట్‌కి అది బాగా బిగించానని నువ్వే రాశావు. సన్నకాడని రెండు కొసల నుంచీ అదిమితే ఏమవుతాది? చీపురుపుల్లని రెండు వేళ్ల మధ్య అదిమి చూడు, నడుం వంగుద్ది. వంగిన కాడ తిరుగుతా ఉంటే ఒక పక్క నలుగుతాది, ఇంకో పక్క సాగుతాది, నీ ఫొటోలో ఉన్నది అదే. టెయిల్ స్టాక్ అక్కడ ఉన్నది అదమడానికి కాదు, చంటిపిల్లాడు నడక నేర్చుకుంటుంటే వెనక చెయ్యి అడ్డం పెట్టినట్టు, అంతే.

మేం పోతపనికి చెక్క నమూనాలు చేసేవాళ్లం. పోత ఇనుము చల్లారితే సుమారు నూటికి ఒక పాలు కుంచించుకుపోద్ది, ఉక్కైతే రెండు పాళ్లు. దానికని స్కేలే వేరేది ఉండేది, గీతలు ఆ మేరకి ఎడంగా ఉంటాయి. ఆ స్కేలు ఇంటికి తెచ్చి గడపకి కొలత తీసి, మామూలు స్కేలుతో తలుపు చేశాను ఒకసారి. ఆ తలుపు ఇప్పటికీ పడదు. ఎందుకు చెప్తున్నానంటే, తప్పు ఎప్పుడూ చేతిలోనే ఉండదు బాబూ, చేతిలో పట్టుకున్న స్కేల్లో కూడా ఉంటాది.

---

వరాహ_గట్టు (ఏటికొప్పాక)
సోమవారం, రాత్రి 8:45

ఇంత సేపూ చక్ గురించే మాట్లాడుకున్నారు, చెక్క గురించి ఎవరూ గట్టిగా అడగలేదేం? విశాఖకి 65 కిలోమీటర్ల దూరంలో మేముంటే మామిడితో కుస్తీ ఎందుకండీ? అంకుడు కర్ర తీసుకోండి. తెల్లగా, మెత్తగా, నార సన్నంగా ఉంటుంది. ఉలికి జున్నుముక్కలా లొంగుతుంది. మా ఊరి బొమ్మలన్నీ దాంతోనే. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చాక బొమ్మల పేరు అందరికీ తెలిసింది గానీ కర్ర పేరు ఎవరూ పట్టించుకోలేదు.

మా ఇంట్లో పెద్దవాళ్లు లేత్ అనరు, తరిమెన అంటారు.

ఇక రంగు. దుకాణంలో వార్నిష్ కొనకండి. లక్క కడ్డీని తిరుగుతున్న చెక్కకి నొక్కితే ఆ రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. తరవాత మొగలి ఆకు ముక్క పెట్టి నొక్కుతూ జరిపితే సమంగా పరుచుకుని అద్దంలా మెరుస్తుంది. సహజ రంగులు మళ్లీ మా ఊళ్లో నిలబడటం వెనక సి.వి. రాజు గారి కృషి ఉంది, 2023లో పద్మశ్రీ వచ్చింది ఆయనకి.

కాడ మీద మాత్రం లక్క నొక్కొద్దు. గిన్నెకీ పీటకీ పట్టించండి. 8 మి.మీ. కాడ మీద కడ్డీ నొక్కారంటే నాలుగో పోస్టుమార్టం కూడా గురువుగారే చెయ్యాలి.

---

ఉప్పుగాలి
సోమవారం, రాత్రి 9:30

ఊళ్లో దొరికే చెక్కల గురించి నా అనుభవం కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా వీధిలో పడని చెట్టు లేదు. కలప ఊరికే దొరుకుతోంది కదా అని సరుగుడు దుంగలు మేడ మీదకి చేర్చాను. ఎండేసరికి ఒక్కోటి దానిమ్మ కాయలా బద్దలైంది. సరుగుడు గట్టిదే, కానీ ఆరేటప్పుడు చీలడం దాని పుట్టు గుణం. నిద్రగన్నేరు బాగా వచ్చింది. పనస పసుపుగా, చూడముచ్చటగా ఉంటుంది, తాగే పాత్రలకి నా ఓటు దానికే. టేకు అందమే గానీ అందులో ఇసుక లాంటి సిలికా ఉండి పదును త్వరగా తినేస్తుంది.

తాగే వస్తువుకి రెండు చెక్కలు మాత్రం ఇంటికి తేవద్దు. ఒకటి ముష్టి, రెండు ఎర్రగన్నేరు. రెండూ విషపు చెట్లే. నిద్రగన్నేరు వేరు, గన్నేరు వేరు, పేరు చూసి గాభరా పడకండి.

---

కొత్తగా_చేరా
సోమవారం, రాత్రి 9:41

లక్క వేసిన గోబ్లెట్‌లో నిజంగా తాగొచ్చా?

---

కొండవాలు
సోమవారం, రాత్రి 10:02

ఇక్కడే నాకూ వరాహ_గట్టు గారికీ తేడా వస్తుందేమో. లక్క ఆల్కహాలుకి కరుగుతుంది, వేడి కాఫీకి మెత్తబడుతుంది. కాబట్టి గిన్నె లోపల లక్క వద్దంటాను.

---

రెండోషిఫ్ట్
సోమవారం, రాత్రి 10:06

వైనూ పోయె, కాఫీ పోయె. మిగిలింది మజ్జిగ.

---

వరాహ_గట్టు
సోమవారం, రాత్రి 10:20

తేడా ఏం లేదండీ, నేను బయటకే చెప్పాను. లోపల మేమూ వెయ్యం. కుంకుమ భరిణెకైతే లోపలా వేస్తాం, తాగే పాత్రకి కాదు.

---

ఉప్పుగాలి
సోమవారం, రాత్రి 10:38

లోపలికి తేనెమైనం చాలు, లేదా స్వచ్ఛమైన అవిసె నూనె రెండు మూడు పూతలు, ఒక్కోటి పూర్తిగా ఆరాక. రంగుల కొట్లో దొరికే ఉడికించిన అవిసె నూనె వద్దు, త్వరగా ఆరడానికి దాంట్లో లోహ లవణాలు కలుపుతారు. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడెయ్యకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విడదీసి తీగ మీద ఆరెయ్యండి, లేదా నీళ్లలో వెయ్యండి.

---

బాల్కనీ_వర్క్‌షాప్
తర్వాతి ఆదివారం, రాత్రి 8:15

నిన్న పొద్దున్నే ఏటికొప్పాక వెళ్లి అంకుడు తెచ్చుకున్నాను. వరాహ_గట్టు గారి ఇంట్లో ఉప్మా పెసరట్టు తిని, మాట్లాడుతూ కూర్చుని, అసలు పని మర్చిపోయి సగం దారి నుంచి వెనక్కి వెళ్లాను.

గొడ్డలితో చీల్చాను. తిన్నగా చీలింది. మొదటి గోబ్లెట్ పూర్తయింది! కాడ 8 మి.మీ. విరగలేదు. గిన్నె అంచు పక్కన దీపం పెడితే వెలుగు కనిపించేంత పల్చగా వచ్చింది.

రెండోదానికి కొత్త రకం దెబ్బ తగిలింది. గిన్నె లోపల లోతు 60 తీశాను. బయట కాడ మొదలు చెక్కుతుంటే ఒక్కసారిగా ఉలి కింద చీకటి కన్ను ఒకటి తెరుచుకుంది. గిన్నె అడుగు బొక్క పడింది. బయటి వంపుని లోపలి అడుగు కన్నా పైనే మొదలెట్టేశాను. విరగలేదు, కానీ గరాటు అయింది. పెళ్లిరోజుకి ఇంకా 11 రోజులే ఉన్నాయి, ఆరిన అంకుడు ముక్క ఇంకోటి లేదు. ఇది బాగుపడుతుందా?

---

పాత_ప్యాట్రన్
సోమవారం, ఉదయం 5:40

అందరికీ ఒకసారి పడే బొక్కే అది. లోపల తొలవగానే లోతు కొలిచి, అదే కొలత బయట పెన్సిలుతో గిర్రున గీత గియ్యాలి. దానికి ఇంకో 5 మి.మీ. కింద రెండో గీత. కాడ ఆ రెండో గీత కిందే పుట్టాలి.

ఇప్పటికి బాగు చేసే దారి చెప్తాను. ఆ గిన్నెని కాడ నుంచి వేరు చెయ్యి. అడుగు బొక్కని డ్రిల్లుతో సరిగ్గా 12 మి.మీ. గుండ్రంగా చెయ్యి. కొత్తగా కాడా పీటా కలిపి ఒక ముక్కలో తియ్యి, కాడ పైన 12 మి.మీ. మొన ఉంచు, దాని కింద చిన్న పూస ఒకటి చెక్కు. మొన గిన్నెలోకి కింద నుంచి దూరాలి. నెట్టితే పోవాలి గానీ కొడితే పోకూడదు. నీళ్లకి ఊడని రకం జిగురు పెట్టి, లేత్ మీదే టెయిల్ స్టాక్‌తో తేలికగా ఆనించి రాత్రంతా వొదిలెయ్యి. అలగైతే తిన్నగా నిలబడుద్ది. మరునాడు లోపల మొన పైకి వచ్చిన కొద్దిపాటి చెక్కని రుద్ది చదును చెయ్యి. కాడకీ గిన్నెకీ నార ఒకే దిక్కున నడుస్తాది కాబట్టి ఆరినా అతుకు నోరు తెరవదు.

కాడ తెల్లచెక్కతో వద్దు. అతుకుని దాచాలని చూస్తే దొంగలా కనిపిస్తాది. చేవ తేలిన ముదురు రంగు చెక్క పెట్టు, కావాలని చేసినట్టుంటాది.

---

కొండవాలు
సోమవారం, ఉదయం 9:15

అయ్యో, అప్పుడు జత కలవదు కదండీ. మొదటిదానికి తెల్ల కాడ, రెండోదానికి నల్ల కాడ!

---

పాత_ప్యాట్రన్
సోమవారం, ఉదయం 9:50

మొగుడూ పెళ్లామూ ఒక్కలాగే ఉంటారేటమ్మా?

---

బాల్కనీ_వర్క్‌షాప్
గురువారం, రాత్రి 11:30

అయింది. చింత చేవ దొరికింది, మా వీధిలో ఇస్త్రీ బండి అతను ఎప్పటి నుంచో దాచుకున్న కర్ర. నల్లటి ఊదా రంగు. గట్టిదనం చెప్పలేను, రెండుసార్లు ఉలి నూరుకోవాల్సి వచ్చింది. గిన్నెలోకి తొంగి చూస్తే అడుగున నల్లటి బొట్టు పెట్టినట్టుంది. గిన్నె అంచుకీ పీటకీ ఎర్ర లక్క చుట్లు వేశాను. మొగలి ఆకు ఏటికొప్పాకలోనే ఇచ్చారు.

ఒక కంగారు మాత్రం ఉంది. మొదటి గోబ్లెట్‌ని నాలుగు రోజులు పడగ్గదిలో, ఏసీ కింద అలమరలో పెట్టాను. ఇవాళ కొలిస్తే అంచు గుండ్రం పోయింది. ఒక వైపు 65, అడ్డంగా 64. నేనేం చేశాను?

---

ఉప్పుగాలి
శుక్రవారం, ఉదయం 7:10

మీరేం చెయ్యలేదు, గాలి చేసింది. మన సముద్రపు తేమలో చెక్క ఎంత ఆరినా 14 శాతం నీటి దగ్గర ఆగిపోతుంది. ఏసీ గదిలో అది 9, 10 దాకా దిగుతుంది. ఆరేటప్పుడు చెక్క ఏడాది వలయాల వెంట ఎంత ముడుచుకుంటుందో, వలయాలకి అడ్డంగా సుమారు దాంట్లో సగమే ముడుచుకుంటుంది. పొడవునా దాదాపు ముడుచుకోదు. అందుకే ఎత్తు మారలేదు, గుండ్రం కోడిగుడ్డయింది. బయట పెడితే కొంత వెనక్కి వస్తుంది.

ముందుముందు చేసేవాటికి, గిన్నెని రెండు మి.మీ. మందం ఎక్కువ ఉంచి మోటుగా తొలిచి, దాని పొట్టులోనే పెట్టి కాయితం సంచీలో మూట కట్టండి. మూడు రోజులకోసారి వంటింటి తక్కెడలో తూచండి. బరువు తగ్గడం ఆగాక మళ్లీ లేత్ ఎక్కించి అసలు మందానికి తెండి. కాడ ముట్టుకునేది ఆ తరవాతే.

---

రెండోషిఫ్ట్
శుక్రవారం, ఉదయం 7:25

ఒక్క మి.మీ. కోసం ఎవరూ గేజ్ పట్టుకుని పెళ్లిరోజుకి రారు బ్రదర్. నన్ను పిలిస్తే తప్ప.

---

బాల్కనీ_వర్క్‌షాప్
మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 9:00

ఇచ్చేశాను. అక్క నల్లకాడది తీసుకుంది, బొట్టు ఉన్నది తనదేనట. బావ తెల్లకాడది చేత్తో తిప్పి తిప్పి చూసి, "ఇందులో ఏం పోసుకోవాలిరా?" అన్నారు. మజ్జిగ అన్నాను. నిజంగానే మజ్జిగ పోశారు, అల్లం పచ్చిమిర్చి వేసింది. అంచు కోడిగుడ్డు ఆకారం ఎవరూ గమనించలేదు. నేనూ చెప్పలేదు.

ఇప్పుడు వాళ్ల వియ్యాలవారు ఆరు అడిగారు. వరాహ_గట్టు గారూ, ఆరిన అంకుడు ఎంతుంటే అంత పక్కన పెట్టండి. వచ్చే శనివారం బండి మీద వస్తాను. గాజువాక మీదుగానే కాబట్టి గురువుగారూ, మీరు వస్తానంటే ఆరు గంటలకల్లా మీ గుమ్మంలో ఉంటాను.

---

పాత_ప్యాట్రన్
సోమవారం, ఉదయం 5:20

అయిదున్నరకే రా. తలుపు పడదని చెప్పాను కదేటి, కొట్టక్కర్లేదు, తోసుకుని వచ్చెయ్యి.